అమ్ముగూడ మీదుగా మెల్‌బోర్న్‌కు

తూప్రాన్ వాళ్ళం పట్నం పోవాలంటే నాగ్‌పూర్ హైవే మీద బస్సెక్కుతాం. తొందర లేని రోజున మాత్రం నేను మనోహరాబాద్ దాకా పోయి రైలెక్కుతాను. మేడ్చల్ దాటి, బొల్లారం, అల్వాల్ దాటి, మిలిటరీ వాళ్ళ గోడలూ వేపచెట్లూ మొదలయ్యాక అమ్ముగూడ అని చిన్న స్టేషన్ వస్తుంది. రైలు ఆగినా ఆగకున్నా కిటికీలోంచి ఆ పసుపు బోర్డు కనబడుతుంది. చాలా ఏళ్ళు ఆ బోర్డును ఉత్త బోర్డులాగే చూసి వదిలేశాను. ఇప్పుడు అది రాగానే చేతిలో పేపరుంటే మడిచి పక్కన పెడతాను. పెద్దమనిషి ఇంటి ముందు నుంచి పోతూ సైకిల్ దిగి నడిచే అలవాటు మా నాన్నకు ఉండేది. అలాంటిదే ఇదీ.

ఆ ఊళ్ళో పుట్టిన తులసీదాస్ బలరామ్ గారికి ఈ 2026లో తొంభై ఏళ్ళు. ఆయన 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత ఫుట్‌బాల్ జట్టులో ఉన్నారు, ఆ జట్టుకు ఈ ఏడాదే డెబ్భై ఏళ్ళు. మనిషి మన మధ్య లేరు, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు. అయినా ఇది సంతాప వ్యాసం కాదు. రెండు పండుగలు ఒకే ఏడాదిలో పడ్డప్పుడు అభినందన చెప్పడమే మర్యాద. ఆలస్యంగా చెబుతున్నామన్న సిగ్గు ఉంటే ఉండనీ.

ఈ వ్యాసం రాయాలన్న పట్టుదల ఎక్కడ పుట్టిందో చెబుతాను. మా వీధిలో ఓ పిల్లవాడు వీపు మీద జర్మనీ ఆటగాడి పేరున్న బనియను వేసుకుని తిరుగుతుంటాడు. బేయర్న్ మ్యూనిక్ జట్టులో ఎవరు ఏ స్థానంలో ఆడతారో, ఎవరి మోకాలికి దెబ్బ తగిలిందో, ఎవరు ఎన్ని కోట్లకు అమ్ముడుపోయారో గడగడా అప్పజెబుతాడు. తప్పేం లేదు, ఆటను ప్రేమించేవాడికి దేశం అడ్డు రాదు. జర్మనీ గోల్‌కీపర్ ఆలివర్ కాన్ బేయర్న్ తరఫున ఒక వీడ్కోలు మ్యాచ్ ఆడింది మన దేశంలోనే, 2008 మే 27న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో. మోహన్ బగాన్ మీద 3-0 గెలిచి సెలవు తీసుకున్నాడు. లక్షమందికి పైగా జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అదే కోల్‌కతా శివార్లలో, హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో, అదే రోజుల్లో మన అమ్ముగూడ మనిషి ఒంటరిగా బతుకుతున్నారు. ఆ పిల్లవాణ్ణి అడిగాను, బలరామ్ పేరు విన్నావా అని. ‘ఏ బలరామ్ తాతా, క్రికెటరా?’ అన్నాడు.

వాణ్ణి ఏమని తిడతాను? వాడికి చెప్పవలసిన వాళ్ళం మేము. మేమే చెప్పలేదు.

ఇప్పుడు చెబుతాను. బలరామ్ తల్లిదండ్రులు తమిళులు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల ఊళ్ళంతే, తమిళం, తెలుగు, ఉర్దూ, ఆంగ్లో ఇండియన్ల ఇంగ్లీషు ఒకే బావి దగ్గర నీళ్ళు తోడుకుంటాయి. పటాలం ఉన్నచోట ఫుట్‌బాల్ ఉంటుంది. సిపాయీలు ఆడుతుంటే గట్టు మీద కూర్చుని చూసిన పిల్లలు, వాళ్ళు పోయాక అదే మైదానంలో దిగేవాళ్ళు. కాళ్ళకు ఏమీ ఉండేది కాదు. అప్పటికి దేశం జట్టుకే బూట్ల సంగతి తేలలేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. 1952లో హెల్సింకీలో అదే పద్ధతిలో చలిలో దిగి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడి వచ్చాక గానీ బూట్లు వేసుకోక తప్పదని గట్టిగా అనుకోలేదు. ఈ యుగోస్లావియా పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ రెండుసార్లు వస్తుంది.

బలరామ్ తొలి బూట్లు పాత పోలీసు బూట్లు. వాటిని చెప్పులు కుట్టే మనిషి దగ్గరకు పట్టుకుపోయి ఫుట్‌బాల్ బూట్లలాగా మార్పించుకున్నారు. పోలీసు బూటు ఎట్లా ఉండేదో చూసినవాళ్ళకు తెలుసు. తోలు మందం, అడుగున ఇనుప మేకులు, వానలో నానితే కాలికి కట్టిన ఇటుక. దాన్ని విప్పి, అడుగు మార్చి, మైదానంలో జారకుండా కింద తోలు ముక్కలు కొట్టించుకుంటే ఆడడానికి పనికొచ్చే సరుకు తయారవుతుంది. బంతి కూడా అప్పుడు తోలుదే. లోపల బ్లాడరు, పైన లేసు. గాలి తగ్గితే సైకిల్ షాపుకు పరుగు. లేసు ముడి నుదుటికి తగిలితే రెండు రోజులు బొప్పి. నా చిన్నతనంలో మా ఊరి చెరువు శిఖంలో ఎండాకాలం అట్లాంటి బంతితోనే ఆడాం కాబట్టి ఈ మాట వినికిడితో కాదు, నుదుటి మీది గుర్తుతో చెబుతున్నాను.

1950ల నడుమ ఈ కుర్రాడి ఆట సయ్యద్ అబ్దుల్ రహీం కంట పడింది. ఆయన్ని హైదరాబాద్ అంతా రహీం సాబ్ అనేది, ఇప్పటికీ పాతవాళ్ళు అట్లాగే అంటారు. బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆట నేర్పిన గురువు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. కలకత్తా తప్ప ఫుట్‌బాల్ ఎక్కడుందని మీసం మెలేసే రోజుల్లో, 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. రహీం సాబ్ పాఠం చూడ్డానికి తేలిక, ఆడడానికి కష్టం. బంతిని కాళ్ళ దగ్గర దాచుకోవద్దు, వచ్చినదాన్ని వచ్చినట్టే ఇచ్చెయ్. దీనికోసం ఆయన డ్రిబ్లింగ్ చేస్తే తప్పు అనే షరతుతో టోర్నమెంట్లు పెట్టారు. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టారు. కుడిచేతివాటం మనిషిని ఎడమచేత్తో అన్నం తినమన్నట్టు ఉంటుంది కదా? ఏడాది తింటే రెండు చేతులూ కుడిచేతులే అవుతాయి. బలరామ్ రెండు కాళ్ళూ అట్లా తయారయ్యాయి.

రహీం సాబ్ పిలిచారు, బాగానే ఉంది. పట్నానికి రోజూ రావడం ఎట్లా? అమ్ముగూడ నుంచి పది కిలోమీటర్లకు పైనే. బలరామ్ దగ్గర సైకిల్ లేదు, బస్సుకు డబ్బు లేదు. రహీం సాబ్ సైకిల్ కిరాయికని రోజుకో రూపాయి ఇచ్చారు. ఈ సంగతి బలరామ్ గారే చెప్పుకున్నారు. 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయంటే పదహారణాలు. కిరాయి సైకిల్ అంటే ఈ తరానికి తెలియదు. షాపువాడు పలక మీద బలపంతో పేరూ టైమూ రాసుకుంటాడు. తెలియని మొహమైతే పూచీ అడుగుతాడు. బ్రేకు ఉంటే బెల్లు ఉండదు, బెల్లు ఉంటే చెయిను జారుతుంది. చీకటి పడితే డైనమో లేదని పోలీసు ఆపుతాడు. ఆ బండి తొక్కుకుంటూ పోయి, సాయంత్రం దాకా పరుగెత్తి, మళ్ళీ తొక్కుకుంటూ ఇంటికి రావడం. ఇప్పటి అకాడమీల్లో కాళ్ళకు బలం రావడానికి గదిలో నిలబెట్టిన సైకిల్ తొక్కిస్తారట. మన బలరామ్‌కు ఆ సౌకర్యం రోడ్డు మీదే దొరికింది!

ఒక బడిపంతులు తన జీతంలోంచి రోజుకో రూపాయి తీసి ఒక పిల్లవాడి మీద పెట్టాడు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఇంతకంటే లాభమొచ్చిన పెట్టుబడి నాకైతే కనబడదు.

1956-57లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ జట్టులో బలరామ్ ఉన్నారు. ఆ కాలంలోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్. జట్టు గురువు రహీం సాబ్. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుసేన్ అంటూ హైదరాబాదీల పేర్లు జట్టు నిండా ఉన్నాయి. గోల్‌లో పీటర్ తంగరాజ్, ఆయన పుట్టిందీ హైదరాబాద్‌లోనే. హంగరీలో తిరుగుబాటు రేగి ఆ జట్టు రాకపోవడంతో తొలి మ్యాచ్ ఆడకుండానే మనం ముందుకు పోయాం. డిసెంబర్ 1న ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా మనిషి హ్యాట్రిక్ చేయడం అదే మొదలు. ఆసియా జట్టు సెమీఫైనల్ చేరడమూ అదే మొదలు.

సెమీస్‌లో ఎదురుగా మళ్ళీ యుగోస్లావియా. నాలుగేళ్ళ కింద పది గోల్స్ పెట్టినవాళ్ళు. ఈసారి సగం ఆట దాకా 0-0. విరామం తర్వాత తొలి గోల్ మనది, నెవిల్‌దే. కొన్ని నిమిషాల పాటు ఒలింపిక్స్ ఫైనల్ మన గుమ్మం దాకా వచ్చి నిలబడింది. తర్వాత వాళ్ళు నాలుగు కొట్టారు. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చాం. నిజం చెప్పుకోవాలంటే ఆ ఏడు చాలా దేశాలు రాలేదు, సెమీస్‌కు చేరడానికి మనం ఆడింది ఒక్క మ్యాచే. ఆ లెక్క తీసేసినా, పదికి ఒకటి నుంచి నాలుగుకు ఒకటికి రావడం, అదీ ముందు గోల్ మనమే కొట్టి, నాలుగేళ్ళలో ఎవరు చేశారు? ఇంకో ముక్క, మా జర్మనీ బనియను పిల్లవాడి కోసం. 1954లో ప్రపంచ కప్ గెలిచింది పశ్చిమ జర్మనీ. రెండేళ్ళకు మెల్‌బోర్న్‌కు వచ్చిన ఉమ్మడి జర్మనీ జట్టు మొదటి రౌండ్‌లోనే సోవియట్ చేతిలో 2-1తో ఓడి ఇంటిదారి పట్టింది. ప్రపంచ కప్ వీరులు అందులో లేరు, ఒలింపిక్స్‌కు ఔత్సాహికులే వచ్చేవారు. ఆ మాట వాడికి చెప్పాలా వద్దా అని కొంచెంసేపు ఆలోచించి, చెప్పాను. పెద్దవాళ్ళు పిల్లలకు అబద్ధపు గొప్పలు నేర్పకూడదు.

అప్పటికి ఇరవై ఏళ్ళ బలరామ్‌కు మెల్‌బోర్న్ ఒక బడి. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్ తీసుకుపోయింది. అక్కడి నుంచి ఆరేడేళ్ళు ఆయనవి.

అది రేడియో కాలం, ఆయన ఆట పట్టి చూపే వీడియోలు మనకు లేవు. కానీ చూసినవాళ్ళు రాసినవీ చెప్పినవీ కలిపితే మనిషి కళ్ళముందు కదులుతాడు. ఫార్వర్డ్ వరసలో ఎక్కడ నిలబెట్టినా ఆడతాడు, ఎడమ అంచునైనా, నడుమనైనా. బంతి కాలికి తగలగానే తల ఎత్తి చూస్తాడు. మిగతావాళ్ళు గోల్ వైపు చూస్తే ఈయన ఖాళీగా ఉన్న తోటివాడి వైపు చూస్తాడు. అవసరమైతే వెనక్కి దిగివచ్చి బంతి అందుకుని ఆట అల్లుతాడు. కుడివైపు పి.కె. బెనర్జీ, నడుమ చునీ గోస్వామి, వీళ్ళతో బలరామ్ కలిస్తే ముగ్గురినీ కలిపి త్రిమూర్తులన్నారు. త్రిమూర్తుల్లో గుడి తక్కువ ఉన్నది బ్రహ్మకు. ఇక్కడా అంతే అయింది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన గ్రూపు చూస్తే గుండె జారుతుంది. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. లాక్విలాలో హంగరీతో ఆట. ఆ జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు, ఏడేళ్ళ తర్వాత యూరప్ ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్న మనిషి. ఓడింది 2-1తోనే, మన ఒక్క గోల్ బలరామ్‌ది. గ్రోసెటోలో ఫ్రాన్స్‌ను 1-1 దగ్గర నిలబెట్టాం. పెస్కారాలో పెరూ చేతిలో 3-1 ఓటమి, అక్కడా మన ఒక్క గోల్ బలరామ్‌దే. అంటే రోమ్‌లో మనవాళ్ళు కొట్టిన మూడు గోల్స్‌లో రెండు అమ్ముగూడవి. ఆ తర్వాత ఇప్పటిదాకా భారత పురుషుల జట్టు ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అడుగుపెట్టలేదు. అరవై ఆరేళ్ళయింది.

1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యారు. ఆ ఏడు కలకత్తా లీగ్ గెలిపించారు. ఐఎఫ్ఏ షీల్డ్‌ను మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. సికింద్రాబాద్ శివారు పిల్లవాడు కలకత్తాలో, అందులోనూ పద్మానది అవతలి నుంచి వచ్చినవాళ్ళు ప్రాణంగా చూసుకునే క్లబ్‌కు నాయకుడు కావడమంటే మామూలు మాట కాదు. అక్కడి జనానికి ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ చేప, ఓడితే పస్తు.

ఇక 1962, జకార్తా. ఆసియా క్రీడలు. ఈ కథ ‘మైదాన్’ సినిమా వచ్చాక కొంతమందికైనా తెలిసింది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌ను 4-1, జపాన్‌ను 2-0. రెండు మ్యాచ్‌ల్లోనూ గోల్ వేసినవాళ్ళలో బలరామ్ ఉన్నారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. ఫైనల్లో మళ్ళీ కొరియానే. తైవాన్‌ను, ఇజ్రాయెల్‌ను క్రీడలకు రానివ్వలేదని మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో జకార్తా జనం మన మీద కోపంతో ఊగిపోతున్నారు. సెప్టెంబర్ 4న లక్షమంది కూర్చున్న స్టేడియంలో మనవాళ్ళకు వినబడిందంతా ఈలలూ తిట్లూ. తంగరాజ్‌కు జ్వరం. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తలకు కుట్లు. రహీం సాబ్ ఏం చేశారు? కుట్లున్న మనిషిని తీసుకుపోయి ముందు ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. పి.కె. ఒక గోల్, ఆ కుట్లతోనే ఆడి జర్నైల్ ఇంకొక గోల్. చివర్లో కొరియా ఒకటి వేసింది. 2-1. బంగారు పతకం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు బంగారం రాలేదు.

ఆ రోజు మైదానంలో బలరామ్‌తో పాటు ఇంకో హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. గట్టు మీద రహీం సాబ్. ఆయనకు అప్పటికే క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు. అదే ఏడాది బలరామ్ ఊపిరితిత్తుల జబ్బు పడి ఆట మానేశారు. నేర్పినవాడు పోయిన ఏడే నేర్చుకున్నవాడి బూట్లు అటకెక్కాయి. ఆయనకు అప్పుడు ఇరవై ఏడేళ్ళు. ఇప్పటి ఆటగాళ్ళకు అది పెద్ద కాంట్రాక్టుల వయసు.

1962లో అర్జున అవార్డు వచ్చింది. తర్వాత బతుకంతా రైల్వే ఉద్యోగం, బెంగాల్ పిల్లలకు ఆట నేర్పడం. పెళ్ళి చేసుకోలేదు. త్రిమూర్తుల్లో చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు రాలేదు. దీనిమీద ఆయన మనసులో మంట ఉండేది, దాచుకోలేదు కూడా. కొందరు అది అతి అన్నారు. నాకు అనిపించదు. పొలం గట్టు జానెడు జరిగితే మూడు తరాలు కోర్టుకు తిరిగేవాళ్ళం, ఒక మనిషి తనకు రావలసింది రాలేదంటే మాత్రం వైరాగ్యం నేర్పబోతామా? బెంగాల్ ఆయన్ని తెలంగాణవాడనుకుంది, మనం బెంగాల్‌వాడనుకున్నాం. సిఫారసు కాగితం మీద సంతకం చేయవలసిన ఊరు ఏదో తేలకముందే ముగ్గురూ వెళ్ళిపోయారు. పి.కె., చునీ 2020లో నెలన్నర తేడాతో. మూడేళ్ళకు బలరామ్.

పండుగ పూట ఈ ఫిర్యాదు ఇంతటితో చాలు. సంతోషపు మాట ఒకటి మిగిలి ఉంది.

అమ్ముగూడ మీదుగా మనోహరాబాద్ వచ్చే ఆ పట్టాలు మన దగ్గర ఆగవు. ఉత్తరంగా సాగి కామారెడ్డి మీదుగా నిజామాబాద్ పోతాయి. ఆ నిజామాబాద్ జిల్లా తండా నుంచి గుగులోత్ సౌమ్య అనే లంబాడీ బిడ్డ వచ్చింది. భారత మహిళల జట్టులో ఫార్వర్డ్. గోకులం కేరళకు ఆడింది, ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. బలరామ్ కెప్టెన్సీ చేసిన ఈస్ట్ బెంగాలే, ఎర్ర పసుపు బనియనే. 2022లో ఆమె యూరప్ పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. జాగ్రెబ్ ఇప్పుడు క్రొయేషియా రాజధాని. మెల్‌బోర్న్ నాటికి అది యుగోస్లావియాలో పెద్ద నగరం. మనల్ని రెండు ఒలింపిక్స్‌లో ఓడించి పంపినవాళ్ళ గడ్డ మీదికి, జీతమిచ్చి పిలిపించుకునే ఆటగత్తెగా మన రైలు దారి పిల్ల వెళ్ళింది. బలరామ్ గారు అప్పటికి బతికే ఉన్నారు. ఆ కబురు ఆయన చెవిన పడి ఉంటే ఎంత బాగుండేది!

మా వీధి పిల్లవాడికి ఇదంతా రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పాను. వాడికి అన్నిటికంటే నచ్చింది సైకిల్ కిరాయి ముచ్చట. ‘రోజుకు రూపాయేనా?’ అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి వాడి గొంతులో వెటకారం లేదు, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉంది. బనియను మార్చలేదు, మార్చమని నేను అనలేదు.

తూప్రాన్ పెద్దలకు, యువజన సంఘాల తమ్ముళ్ళకు ఒక మనవి. దసరాకు, సంక్రాంతికి మనం ఎట్లాగూ క్రికెట్ టోర్నమెంట్లు పెడతాం, కప్పుల మీద దాతల పేర్లు చెక్కిస్తాం. ఈ ఏడాది ఒక్కసారి దాంతోపాటు ఫుట్‌బాల్ కూడా పెట్టండి. ఆడపిల్లలకు విడిగా ఒక జట్టు కట్టనివ్వండి. కప్పు మీద తులసీదాస్ బలరామ్, అమ్ముగూడ అని రాయించండి. బంతి ఖర్చు నాది.